సగంలో ఆగిన వరస

పన్నెండో చిల్లు ఎక్కడ పెట్టాలో కూర్మారావుకు తెలియలేదు. పదమూడు నెలలుగా ఆయనకున్న బాధ అదొక్కటే అని చెప్పలేం గానీ, నలుగురిలో పైకి చెప్పుకోగలిగిన బాధ మాత్రం అదొక్కటే.

చిల్లులున్నది ఒక స్వెట్టరులో. దాన్ని స్వెట్టరు అనడం కూడా ఎక్కువే. వీపు ముక్క, అదీ ఇంకా భుజాల దాకా రాలేదు. మెంతి రంగు ఊలు. ఆయన భార్య నూకరత్నం ఆయన కోసమే మొదలుపెట్టి, అల్లుతూ అల్లుతూ ఒకనాడు మధ్యలో వదిలేసి లేచింది. మళ్లీ వచ్చి కూర్చోలేదు. ఆ సాయంత్రానికి మనిషే లేదు.

అల్లిక మాత్రం సూదుల మీద అలాగే ఉండిపోయింది. వరస సగంలో ఉంది గనక కొన్ని కుట్లు ఈ సూది మీద, కొన్ని ఆ సూది మీద ఉన్నాయి. అవి జారిపోకుండా కూర్మారావు సూదుల మొనలకు సీసా బిరడాలు గుచ్చాడు. మొత్తాన్ని రత్నం పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత రోజుకొకసారి తీసి చూసేవాడు.

కూర్మారావు సర్వే ఆఫీసులో ముప్పయ్యారేళ్లు మ్యాపులు గీసి రిటైరైన మనిషి. పొలం గట్టు ఎక్కడ వంకర తిరిగిందో చూపించడమే కాదు, ఎందుకు తిరిగిందో కూడా చెప్పేవాడు. అక్కడ బావి ఉండి ఉంటుందనో, అన్నదమ్ములు కొట్టుకుని ఉంటారనో అనేవాడు. వెళ్లి చూస్తే అంతే ఉండేది. ఆఫీసులో ఆ పేరు ఆయనకు బాగా ఉండేది, అది ఆయనకు బాగా తెలుసు కూడా.

అలాంటి మనిషి కళ్లకు ఆ చిల్లులు పడ్డాయి. అల్లిక చూస్తే సాదాది, ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. అందులో శనగగింజ పట్టేంత చిల్లులు పదకొండు. ఒకదాని కింద ఒకటి లేవు. ఒకదాని పక్కన ఒకటీ లేవు. ఇవి చాలవన్నట్టు కుడి అంచున వరసలు లెక్కపెడితే ఒక లెక్క, ఎడమ అంచున పెడితే ఇంకో లెక్క వస్తోంది. కుడి అంచు వేలి మందం పొడవు ఎక్కువ.

అంచు సంగతి ఆయన నెల రోజుల్లో కనిపెట్టాడు. ఏళ్ల తరబడి బల్ల మీదకు వంగి గీయడంతో ఆయన కుడి భుజం కాస్త పైకి లేచింది. చొక్కా వేసుకుంటే తెలియదు గానీ రత్నానికి తెలుసు. అందుకే అటువైపు పొడవు పెంచిందన్నమాట. అది తెలిసిన రోజు ఆయన స్వెట్టరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తన భుజాన్ని అంత జాగ్రత్తగా చూసిన మనిషి ఇంకెవరూ లేరు మరి.

చిల్లుల లెక్కే తేలలేదు. గ్రాఫు కాగితం తెచ్చి కుట్టుకొక గడి చొప్పున గీశాడు. చిల్లు ఉన్నచోట సున్నా చుట్టాడు. దూరాలు కొలిచాడు. శుక్రవారాలు లెక్కేశాడు, పండగలు లెక్కేశాడు. ఒక్క సూత్రానికీ లొంగలేదు. సూత్రం తెలిస్తేనే గదా పన్నెండోది ఎక్కడ రావాలో తెలిసేది. అది తెలియకుండా అల్లితే అది రత్నం స్వెట్టరు కాదు, ఊరికే ఒక స్వెట్టరు.

ఆయన అల్లిక నేర్చుకున్నది కూడా దానికోసమే. అరవయ్యొక్కేళ్ల వయసులో, చిన్న పుస్తకం ముందు పెట్టుకుని, వేళ్లు పొడుచుకుంటూ నేర్చుకున్నాడు. రత్నం ముక్కను మాత్రం ముట్టుకోలేదు. వేరే ఊలు కొని వేరే ముక్కలు అల్లాడు. అవి స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేవి. వాటిలో ఒక్క చిల్లూ పడేది కాదు. పడాలని అల్లినా రత్నం చిల్లుల్లా ఉండేవి కావు.

మర్రిపాలెంలో వాళ్లది రెండు గదుల ఇల్లు. పిల్లలు లేరు. ఒకప్పుడు ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వినపడిన మాట 'రత్నం'. ముందు గదిలో పడక్కుర్చీలోంచి ఆయన పిలుస్తూ ఉండేవాడు. టైమెంతయింది, గేటు దగ్గరెవరు, ఇదిగో పేపర్లో ఈ ఏనుగు బొమ్మ చూడు. పెళ్లాం మీద ప్రేమున్నవాడు పిలవకుండా ఎలా ఉంటాడని ఆయన నమ్మకం. ఇప్పుడు పాల ప్యాకెట్టు ఇచ్చేవాడితో రెండు మాటలు మాట్లాడితే ఆ రోజుకి మాటలు అయిపోయినట్టే. ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎలాగూ లేరు.

స్వెట్టరు ఎవరికీ చూపించేవాడు కాదు. ఎవరైనా సూది లాగితే ఏమైనా ఉందా? గ్రాఫు కాగితాలే పట్టుకు తిరిగేవాడు. ఊలు కొట్టావిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జాలీ డిజైనులా ఉందండి, కావాలని చిల్లులు వదిలి అల్లేది. కానీ ఇలా చెదురుమదురుగా ఉండేది నేనెప్పుడూ చూళ్లేదు" అంది. "లంబసింగి దాటాక కొండమీద ఒక ఆశ్రమం ఉంది. అక్కడ ఊలమ్మ అని ఒకావిడ ఉంటుంది. ఆవిడకి తెలియని అల్లిక లేదంటారు. ఒకసారి వెళ్లి చూపించండి."

రెండో చలికాలం మొదలైంది. రత్నం ఉండగా మొదలైన స్వెట్టరు ఈ చలికైనా వేసుకోకపోతే ఇక ఎప్పటికీ వేసుకోనేమోనని కూర్మారావుకు భయం పట్టుకుంది. చీర ముక్క మూటా, గ్రాఫు కాగితాలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆశ్రమం అంటే ఒక రేకుల కప్పు, చుట్టూ వరండా, వెనక పసుపు మడి. ఉండేది ఏడుగురు. చలికాలమంతా వాళ్ల పని కొండ పల్లెల్లో పిల్లలకు మఫ్లర్లూ టోపీలూ అల్లడం. ఊలమ్మకు గురువు పెట్టిన పేరు వేరే ఏదో ఉంది. కొండవాళ్లకు అది నోరు తిరగలేదు. ఎప్పుడు చూసినా ఒళ్లో ఊలుండేది గనక ఊలమ్మ అన్నారు, ఆవిడా పలికింది. కాషాయం కట్టకముందు అనకాపల్లి వైపు పన్నెండుమందికి వండిపెట్టిన కోడలట. ఆ పన్నెండుమందికీ సరిపడా మాట్లాడేసిందేమో, ఇప్పుడు మాట పొదుపు. ఎవరినీ పిలిచి పని చెప్పదు. కావలసింది తానే లేచి తెచ్చుకుంటుంది.

"సెప్పు బాబూ" అంది.

కూర్మారావు కాగితాలు పరిచాడు. అడ్డం నూట పది కుట్లన్నాడు. నాలుగో చిల్లుకీ ఐదోదానికీ ఉన్న దూరం, ఎనిమిదికీ తొమ్మిదికీ ఉన్న దూరం దాదాపు ఒకటేనన్నాడు. ఆ దాదాపు దగ్గరే చిక్కు వచ్చిందన్నాడు. ఆవిడ అంతా విని, కాగితాలను చేత్తో పక్కకు జరిపింది.

"అసలుది తెచ్చావా?"

"తెచ్చానండి. సూదులు మాత్రం కదలకూడదు."

"కదపను."

మూట విప్పాడు. ఊలమ్మ సూదులు ముట్టుకోలేదు. చిటికెనవేలు ఒక చిల్లులో పెట్టి తీసింది. ఇంకో చిల్లులో పెట్టింది. రెండు అంచులూ బొటనవేలితో తడుముతూ పైదాకా వచ్చింది. వరస సగంలో ఆగిన చోట చెయ్యి ఆపి చాలాసేపు చూసింది.

"ఇది అల్లేటప్పుడు నువ్వెక్కడుండేవోడివి?"

"ఇంట్లోనే అండి. ముందు గదిలో."

"ఇక్కడ ఎందుకు లేచింది?"

"ఏదో పని మీద లేచిందండి."

"ఏ పని?"

"ఏదో చిన్న పని" అన్నాడు కూర్మారావు, చీర ముక్క మడతలు సరిచేస్తూ. తర్వాత తనే అన్నాడు. "తప్పు పడిందని అనుకుంటారేమో. రత్నం తప్పు చేసే మనిషి కాదండి. ఒకటంటే ఏమో గానీ పదకొండు తప్పులు చెయ్యదు. దీనికి కారణం ఉంది."

"ఉంది" అంది ఊలమ్మ.

ఆయన ముందుకు జరిగాడు. "మీకు తెలిసిందా?"

"నాల్రోజులుండు. మఫ్లర్లు అల్లు."

కూర్మారావుకు ఒళ్లు మండింది. మఫ్లర్లు అల్లడానికి కొండెక్కి వచ్చాడా? కానీ తెలుసన్న మనిషిని వదిలి ఎలా వెళ్తాడు? ఆ రాత్రికి వాళ్లిచ్చిన చాపా దుప్పటీ తీసుకున్నాడు.

పొద్దున లేచేసరికి ఆయన గ్రాఫు కాగితాలు ఎండలో పరిచి ఉన్నాయి. వాటి మీద పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఏడాది శ్రమ. ఆయన వంగి ఒక్కొక్క కొమ్మూ ఏరబోయాడు.

"కింద కాగితముంటే తొరగా ఆరతాయి" అంది ఊలమ్మ, అటుగా వెళ్తూ.

వరండాలో తూర్పువైపు ఆయనకు చోటిచ్చారు. నీలం ఊలు, రెండు సూదులు ఇచ్చారు. పక్కన దాలమ్మ అనే ఆవిడ టోపీ అల్లుతూ ఉంటుంది. నలభై ఏళ్లుంటాయి, కిందనున్న పల్లె నుంచి వచ్చి అక్కడే ఉండిపోయింది. కూర్మారావు అల్లిన జానెడు చూసి కళ్లు పెద్దవి చేసింది.

"స్కేలెట్టి గీసినట్టుంది బాబుగారూ."

కూర్మారావు మనసు కాస్త చల్లబడింది. "వరస మధ్యలో ఆపకూడదమ్మా. వరస పూర్తిచేశాకే కింద పెట్టాలి. అదే కిటుకు" అని పాఠం కూడా చెప్పాడు.

నిజానికి అది ఆయన కనిపెట్టిన కిటుకేమీ కాదు. వరస మధ్యలో ఆపాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు, అంతే. పొయ్యి ఆర్పి, తలుపు వేసి కూర్చునేవాడు. సాయంత్రం దాకా కూర్చున్నా, మర్నాటి దాకా కూర్చున్నా లేపే మనిషి ఆ ఇంట్లో లేదు.

"కూర్మారావూ" అని లోపలి నుంచి పిలుపు వచ్చింది.

దాలమ్మ సూదులు ఆపి చూసింది. ఆయన కూడా ఒక క్షణం ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు.

"వస్తున్నానండి. ఈ వరస అవనీండి" అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది.

"కూర్మారావూ" అని మళ్లీ వినిపించింది.

పెద్దావిడ, పైగా ఆవిడ అన్నం తింటున్నాడు. అల్లిక చాప మీద పడేసి లోపలికి వెళ్లాడు. ఊలమ్మ గోడకు జారగిలబడి ఉంది.

"ఆ తలుపులోంచి గాలొస్తోంది. దగ్గరకెయ్యి."

వేశాడు. తలుపు ఆవిడకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. తిరిగొచ్చి, విసుగ్గా సూదులు చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాడు.

అది మొదలు. మూడు రోజులు ఆవిడ ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. అల్లం ఎక్కడ పెట్టానో చూడమంది. చూస్తే గూట్లోనే ఉంది. ఇంకోసారి, చెట్టు మీద అరిచేది ఏ పిట్టో చెప్పమంది. సర్వే మ్యాపుల్లో పిట్టలుండవు, ఆయనకేం తెలుసు? ఎదుటి కొండ మీద లేచేది పొగో మంచో తేల్చమంది. ఒక్కటీ తొందర పని కాదు. ఒక్కటీ ఆవిడ చేసుకోలేని పనీ కాదు.

రెండో రోజు మధ్యాహ్నం మళ్లీ పిలిస్తే, వరస అవనీండి అని రెండుసార్లు అని, మూడోసారికి లేచి వెళ్లాడు.

"ఏంటమ్మా?"

"ఏటీ లేదు" అంది ఊలమ్మ. "ఉన్నావో లేదోనని."

కూర్మారావు గుమ్మంలో నిలబడిపోయాడు. కోపం రావలసిన చోట కోపం పూర్తిగా రాలేదు. తాను ఉన్నాడో లేదో ఒక మనిషికి కావలసి వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కేసుకున్నాడు. "ఉన్నానండి" అని, వచ్చి కూర్చున్నాడు.

"అమ్మ ఎవర్నీ పిలవదు. మిమ్మల్నే ఎందుకు పిలస్తందో మరి" అంది దాలమ్మ.

మూడో రోజు దీపాల వేళకు మఫ్లరు పూర్తయింది. ఊలు తుంచి, ముడేసి, మఫ్లరును బల్ల మీద బారుగా పరిచాడు. మొదటి జానెడూ గీత గీసినట్టు ఉంది. ఆ పైన అంచు పక్కకు ఒరిగింది. ఇంకాస్త పైన రెండో వైపు ఒరిగింది. మధ్యలో చిల్లులు.

ముందు సిగ్గేసింది. దాలమ్మ చూస్తుందేమోనని చప్పున మడతపెట్టాడు. ఆవిడ దీపం వెలిగించడానికి లోపలికి వెళ్లాక మళ్లీ విప్పాడు. ఎలుక కొరికిందా అంటే ఊలు ఎక్కడా తెగలేదు. చిటికెనవేలు పెట్టి చూశాడు. శనగగింజంత.

పదమూడు నెలల పాటు తాను కావాలని పెట్టబోతే రాని చిల్లు ఇది.

పొలం హద్దు తెలియాలంటే గట్టు వెంబడి నడవాలి. అది ఆయనకు చేతనైన పని. సూది మొనతో ఒక చిల్లు దగ్గర దారాన్ని పట్టుకుని వెంట వెళ్లాడు. దారం అంచు నుంచి బయల్దేరింది. కుట్టు కుట్టూ దాటుకుంటూ వరస మధ్య దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ముందుకు పోకుండా, వచ్చిన దారినే వెనక్కి తిరిగి అంచుకు వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ వచ్చి, ఆగిన చోటు దాటి ముందుకు వెళ్లింది. తిరిగిన ఆ మలుపులోనే చిల్లు పడింది. రెండుసార్లు నడిచిన వైపు అంచు పొడుగైంది.

ఎందుకు తిరిగింది?

కూర్మారావు ఖాళీ సూదులు చేతిలోకి తీసుకుని ఆలోచించాడు. వరస మధ్యలో వదిలేస్తే రెండు సూదుల మీదా కుట్లుంటాయి. సాదా అల్లిక గనక ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది. తిరిగొచ్చి చూసుకోకుండా అందుకుంటే ఎడమచేతి సూది కుడిచేతిలోకి వచ్చేస్తుంది. వెళ్లాల్సిన వైపు పోకుండా వచ్చినవైపు అల్లుకుంటూ పోతాం. మధ్యలో లేచిన మనిషికి, మనసు ఇంకెక్కడో ఉన్న మనిషికి, అది తెలియదు.

కింద చిల్లు మీద వేలు పెట్టాడు. ఇది తలుపు. దాని పైది అల్లం. ఈ పక్కది పిట్ట. ఇది పొగో మంచో చూసింది. ఆ పైన ఉన్నది 'ఏటీ లేదు, ఉన్నావో లేదోనని' అన్న పిలుపు.

ఆయన లేచి సంచి తెచ్చుకున్నాడు. చీర ముక్క విప్పాడు. రత్నం అల్లిన మొదటి చిల్లు దగ్గర సూది మొన ఆనించి దారం వెంట వెళ్లాడు. వరస మధ్య దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగింది. రెండో చిల్లూ అంతే. మూడోదీ అంతే. పదకొండూ చూశాడు. ఎనిమిది కుడివైపు తిరిగాయి, మూడు ఎడమవైపు. కుడి అంచు పొడుగైంది అందుకే. అందులో ఆయన భుజం లేదు.

ఆ ఇంట్లో పిలిచే మనిషి ఒక్కడే.

మొదటి చిల్లు మీద వేలు పెట్టి, అప్పుడెందుకు పిలిచానా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు. రెండోదానికి పిలిచింది టైమెంతని అడగడానికేమో. మూడోది ఏనుగు బొమ్మేమో. ఏమో. ఊలమ్మ పిలిచిన ప్రతి పిలుపూ ఆయన వరసగా చెప్పగలడు. తాను పిలిచినవి ఒక్కటీ చెప్పలేకపోయాడు. గుర్తుంచుకునేంత పని ఒక్కటీ అందులో లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంది. దానికి చిల్లు లేదు.

కళ్లజోడు పెట్టె. "రత్నం, నా కళ్లజోడు పెట్టె ఎక్కడ?" అన్నాడు. "ఈ వరస అవనీండి" అంది లోపలి నుంచి. మళ్లీ పిలిచాడు. "ఒక్క నిమిషమండి, ఈ వరస." మూడోసారి కాస్త గట్టిగా పిలిచాడు. ఆవిడ వచ్చింది. ఆయన ఒళ్లో ఉన్న పేపరు ఎత్తి, కింద ఉన్న పెట్టె తీసి చేతిలో పెట్టింది. నవ్వింది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి గుమ్మం పట్టుకుంది.

ఆ పెట్టె ఇప్పటికీ ఆయన జేబులో ఉంది.

ఊలమ్మ లోపల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కూర్మారావు వెళ్లి కింద కూర్చున్నాడు. పొయ్యిలో పుల్ల కాలి, విరిగి, పక్కకు పడింది. ఆవిడ దాన్ని లోపలికి తోసింది.

"అది డిజైను కాదమ్మా" అన్నాడు చివరికి.

"కాదేటి?"

"నేను పిలిచాను."

ఊలమ్మ తలూపింది.

"పదకొండు సార్లు. ఆ పై ఇంకొకసారి." కండువా కొంగు చేతికి చుట్టుకున్నాడు. మళ్లీ అన్నాడు. "ఏ ఒక్కసారీ అవసరం లేదమ్మా. ఊరికే పిలిచాను."

"ఒచ్చిందా?"

"వచ్చింది."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ వచ్చింది."

ఆవిడ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. కూర్మారావు ముఖం కండువాలో దాచుకుని ఏడుస్తుంటే కూర్చునే ఉంది. ఓదార్చడానికి చెయ్యి కూడా వెయ్యలేదు. ఆయన ఏడుపు దానంతట అదే తగ్గాక మాత్రం నీళ్ల చెంబు ఇటు జరిపింది.

"పన్నెండోది ఎక్కడొస్తుందా అని వచ్చానమ్మా" అన్నాడు ఆయన.

"దారం ఏ సూదికి వేలాడతందో సూసుకుని మొదలెట్టు" అంది ఊలమ్మ. "పన్నెండోది రాదు."

పొద్దున వరండాలో మంచు ఇంకా విడలేదు. కూర్మారావు తూర్పువైపు తన చోట్లో కూర్చుని చీర ముక్క విప్పాడు. ఇవాళ సూదుల మొనల బిరడాలు తీశాడు. పదమూడు నెలల తర్వాత ఆ సూదుల్ని చేతిలోకి తీసుకోవడం అదే మొదలు. ముందు దారం చూశాడు. అది ఒక సూది చివరి కుట్టు నుంచి వేలాడుతోంది. ఆ సూదిని కుడిచేతిలోకి తీసుకున్నాడు. అంటే రత్నం అటునుంచి ఇటు వస్తోంది. యాభైఎనిమిది కుట్లు వచ్చింది. ఇంకా యాభైరెండు ఉన్నాయి.

మొదటి కుట్టు బిగుసుకుపోయి ఉంది. సూది దూర్చడానికే చాలాసేపు పట్టింది. రెండోది కాస్త నయం. ఊలు ఏడాదిపైగా ఒకే మడతలో ఉండి చిన్న చిన్న వంకీలు తిరిగింది. ఒక్కొక్క కుట్టూ రత్నం సూది మీదనుంచి తన సూది మీదకు వస్తుంటే ఆయన పెదవులు కదిపి లెక్కపెట్టాడు. ఎనిమిది. తొమ్మిది. ఎక్కడా తొందర పడలేదు. ఇరవై దగ్గర కళ్లు మసకలైతే తుడుచుకుని, దారం ఎటు ఉందో మళ్లీ చూసుకుని, ఇరవయ్యొకటి అన్నాడు.

ఆశ్రమంలో పొద్దున జావ వేళకు గంట కొడతారు. గంటంటే వరండా చివర తీగకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, పక్కనే ఒక ఇనప కడ్డీ. ఆ గంట మోగితే ఎక్కడివాళ్లక్కడ పని వదిలి రావాలి, లేకపోతే అందరూ ఎదురుచూడాలి. మోగగానే లేవాలని కూర్మారావుకూ తెలుసు. లేవాలేమోనని ఒక చెవి అటే పెట్టి అల్లాడు. నలభై. నలభై ఒకటి. గంట మోగలేదు. యాభై.

యాభైరెండో కుట్టు దాటి వచ్చాక ఎడమచేతి సూది ఖాళీ అయింది. వరస పూర్తయింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి మీద వేసి, ఊరికే అలా ఉండిపోయాడు. వరస మొత్తం మీద చిల్లు లేదు.

తలెత్తేసరికి ఎండ పసుపు మడి దాకా వచ్చేసింది. ఇంత పొద్దెక్కినా జావకు పిలవలేదేమిటా అని అటు చూశాడు.

ఆరుగురూ వరండాలో బారుగా కూర్చుని ఉన్నారు. ముందు ఖాళీ గిన్నెలు. మధ్యలో జావ కుండ మీద ఆకు మూతపెట్టి ఉంది, దాని మీద ఆవిరి ఎప్పుడో పోయింది. దాలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఊలమ్మ రైలు పట్టా ముక్క పక్కన నిలబడి ఉంది. ఇనప కడ్డీ ఆవిడ చేతిలోనే ఉంది. ఎప్పటినుంచి అలా నిలబడిందో తెలియదు.

"అయిందా వరస?" అంది.

కూర్మారావు తలూపాడు.

ఆవిడ గంట కొట్టింది.